నేల చూచి నిలిచినవారు: సోమేనహళ్ళి సీమ

ఒక సీమలో కాపురము నిలుపవలెనన్నచో ముందుగా చూడవలసినదేమి? మన పెద్దలు మొదట నీరు చూచిరి. పిమ్మట నేల చూచిరి. అటుపై ఇరుగుపొరుగు చూచిరి. పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములలో పలువురు నేడు తాతలనాటి భూములను అమ్ముదుమా, మరల పోయి సేద్యము చేయుదుమా యని తర్కించుకొనుచున్నారు. వారికి కొంత ఉపకరింపగలదను తలంపుతో గుడిబండ తాలూకాలోని సోమేనహళ్ళిని, దాని చుట్టుపట్లనున్న చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములను పెద్దల కొలతతోనే పరిశీలింప బూనితిమి.

నీటి విషయమున ఈ సీమ ఒక వింత. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని యను నదులు నందికొండల పరిసరములలోనే పుట్టుచున్నవి. కాని పుట్టినింట నిలువవు. వాన కురిసిన నాలుగు దినములు పారి, అనంతపురము, కడప సీమల వైపు సాగిపోవును. ఏడాది పొడవున పారు ఏరు ఇచట ఒక్కటియు లేదు. వర్షము సంవత్సరమునకు 700 మిల్లీమీటర్లకు అటు నిటుగా నుండును. అట్టి నేలను మన పూర్వులు కోరి యెంచుకొనుటకు హేతువేమి?

వలస వచ్చినవారి కథలలో ఆవతి నాడప్రభువుల కథ ప్రసిద్ధము. కంచి ప్రాంతమునుండి ఏడుగురు సోదరులు ప్రభువు పీడకు వెరచి, ఆడుబిడ్డల మానరక్షణకై బండ్లు కట్టుకొని వచ్చి, దేవనహళ్ళి చెంత ఆవతికడ విడిసిరని ఐతిహ్యము. ఆ వంశీయుడైన మల్ల బైరేగౌడ 1501లో దేవనహళ్ళి కోటను కట్టించెను. చిక్కబళ్ళాపురమును స్థాపించినవారును ఆ వంశమువారే. వీరు మొరసు ఒక్కలిగులు. వారిలో తెలుగు మాటాడు కుటుంబములు నేటికిని కలవు. వారికి సమృద్ధమైన నేల దొరకలేదు. నిర్భయముగా నిలువదగిన నేల దొరకినది. సమృద్ధిని వారు తమ చేతులతో కల్పించుకొనిరి.

ఆ కల్పన పేరే చెరువు. రెండు గుట్టల నడుమ కట్ట వేసి, పారిపోవు వాననీటిని పట్టి, మిగులునీరు అలుగు మీదుగా దిగువ చెరువునకు చేరునట్లు ఒక గొలుసుగా నిర్మించిరి. గుడిబండ కోటను, దాని దిగువనున్న బైరసాగరమును హావళి బైరేగౌడ కట్టించెనని ప్రతీతి. ఆ కోటలో బండల నడుమ వాననీటిని నిలుపు దొనలను చూచినవారికి, ఈ సీమలో రాతిగోడకంటె నీటిచుక్క యెంత విలువైనదో బోధపడును. చెరువు కట్టినవానికి, తెగిన కట్టను బాగుచేసినవానికి పన్ను తగ్గించి భూమి నిచ్చు ఆచారముండెడిది. దానిని తెలుగువారు దశబంధమనియు, కన్నడిగులు కట్టుకొడగె యనియు వ్యవహరించిరి. తూము తెరచి మడిమడికిని వంతుచొప్పున నీరు పంచుటకు నీరుగంటి యుండెను. మెట్టలో రాగి, ఉలవ, వేరుసెనగ; మాగాణిలో వరి; బావి క్రింద కపిల తోలి పెంచిన తోట. చెరువు నిలిచినన్నాళ్ళు ఊరు నిలిచెను.

ఈ ఏర్పాటునకును హద్దు కలదు. 1876-78 నాటి క్షామమున వానలే లేకపోగా చెరువు లెండెను. మైసూరు రాజ్యమున 1871లో 50 లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1881 నాటికి సుమారు 42 లక్షలకు దిగెను. ఇచట కాపురముండ గోరువారు ఈ లెక్కను మరువరాదు.

ఇక ఇరుగుపొరుగు. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము కోలారు జిల్లాను గూర్చి విచారించునాటికి అందు తెలుగు మాటాడువారే అధికులు. అయినను జిల్లా మైసూరులోనే యుండుట మేలని సంఘము తలంచెను. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యయ్యెను. ఎల్లలు మారినను ఇండ్లలోని భాష మారలేదు. కచేరీలో కన్నడము, పొలములో తెలుగు, సంతలో రెండును. గాజుల మలారము మోసిన కైవార తాతయ్య రెండు భాషలలోను కీర్తనలు చెప్పెను. రెండు భాషలవారును ఆయనను తమవానిగానే తలంతురు. ఇంతకంటె మంచి పొరుగు ఎచట దొరకును?

నేటి స్థితి యేమి? బెంగుళూరునుండి హైదరాబాదు పోవు 44వ జాతీయ రహదారి బాగేపల్లి మీదుగా పోవుచున్నది. బాగేపల్లికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. మల్బరీ తోటలకు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత చేరువ. కాని కపిల బావులు ఎండి, వాని స్థానమున గొట్టపుబావులు వచ్చినవి. అవి లోతునకు పోయినకొలది ఖర్చు పెరిగినది. బాగేపల్లి ప్రాంతమున త్రాగునీటిలో ఫ్లోరైడు చేరి పండ్లను, ఎముకలను చెరచుచున్నది. ఇది నేల దోషము మాత్రమే కాదు. చెరువు ఊరందరిది, గొట్టపుబావి ఒక్కనిది. పూడిక తీయువారు లేని చెరువు క్రింద ఎవరికి వారు భూమిని తొలుచుకొనుటవలన కలిగిన ఫలమిది.

కనుక మా అభిప్రాయమిది. సోమేనహళ్ళి సీమ నివాసయోగ్యమే. కాని ఒంటరిగా బ్రదుకగోరువానికి కాదు. భూమి కొనుటకు ముందు పత్రములతోపాటు ఊరి చెరువును చూడుడు. దాని కాలువలు మూసుకొనిపోయినవా, కట్టపై ముండ్లకంపలు పెరిగినవా, పూడిక తీయుటకు ఊరివారు కలిసివత్తురా యని విచారింపుడు. త్రాగునీటిని పరీక్ష చేయింపుడు. అమ్మదలచినవారును ఒక్కసారి ఆ కట్టపై నిలిచి, అది యెవరి చేతిమట్టితో లేచినదో తలంచుకొనుడు. పెద్దలు మనకు విడిచినది కొన్ని ఎకరముల నేల మాత్రమే కాదు. నలుగురు కలిసి నీరు నిలుపు విద్యను కూడ. ఆ విద్య నిలిచినచో నేల నిలుచును. నేల నిలిచినచో ఆ ఇండ్లలోని మన మాటయు నిలుచును.