గుర్రాల మేత, హోసూరు నేల

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. చరిత్ర పుస్తకాలు ఏ రాజుకు ఎన్ని వేల గుర్రాలుండేవో చెబుతాయిగాని, వాటి మేతకు ఎన్ని ఎకరాల నేల కట్టుబడి ఉండేదో చెప్పవు. ఆ లెక్క వేసి చూస్తే దండు బాటల పక్కనున్న పల్లెల చరిత్ర కొంత కొత్తగా కనిపిస్తుంది. మన హోసూరు ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ.

దక్షిణదేశం గుర్రాలకు పుట్టిల్లు కాదు. 13వ శతాబ్దం చివర పాండ్య దేశానికి వచ్చిన మార్కో పోలో, ఏటా వేలకొద్దీ గుర్రాలు ఓడల్లో దిగుతున్నాయనీ, వాటిలో చాలామటుకు ఏడాది తిరక్కుండా చస్తున్నాయనీ రాశాడు. వాటికి అన్నమూ మాంసమూ వండి పెట్టడం చూసి ఆశ్చర్యపోయాడు కూడా. విజయనగర రాజులు మొదట అరబ్బుల దగ్గర, తర్వాత పోర్చుగీసుల దగ్గర గుర్రాలు కొన్నారు. గుర్రాన్ని సముద్రం దాటించి తేవచ్చు. దాని మేత మాత్రం ఇక్కడి నేలే ఇవ్వాలి.

నాలుగున్నర క్వింటాళ్ళ బరువున్న గుర్రం రోజుకు తొమ్మిది పది కిలోల ఎండుమేత తింటుంది. అందులో రెండు కిలోలు ఉలవలనుకున్నా ఏడాదికి ఏడు క్వింటాళ్ళు దాటుతాయి. వానాధారపు మెట్టలో ఎకరాకు రెండు, రెండున్నర క్వింటాళ్ళ ఉలవలు పండితే గొప్ప. అంటే ఒక్క గుర్రపు గుగ్గిళ్ళకే మూడెకరాల పైచిలుకు చేను కావాలి. ఐదు వందల గుర్రాల దళానికి పదిహేను వందల ఎకరాలు దాటుతుంది. గడ్డి లెక్క ఇంకా వేరు.

ఉలవల బస్తాలను ఎద్దుల మీద వేసి ఎంత దూరమైనా తేవచ్చు. గడ్డి బరువు తక్కువ, మోపు పెద్దది. దాన్ని దూరం నుంచి తోలితే తోలిన ఎద్దులే సగం తినేస్తాయి. అందుకే లాయానికి దగ్గరగా గడ్డినేల, దూరంగా ఉలవచేలు అన్న అమరిక తానుగా ఏర్పడింది. కంపెనీ దండులో ప్రతి గుర్రం వెంట సాయిసు ఒకడు, గడ్డి కోసేవాడు ఒకడు ఉండేవారు. గడ్డి కోసేవాడు దోకుడుపారతో గరికను వేళ్ళతో సహా తవ్వి, మట్టి దులిపి, మోపు కట్టి తెచ్చేవాడు. దండు మకాం చుట్టూ నేల ఎందుకు బోడిగా ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

టిప్పు పతనం తర్వాత, 1799లో, హోసూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. 1809 నాటికి నలభై కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు దండు వెలిసింది. ఇక్కడి నేల సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, ఎండ తక్కువ. రాగి, ఉలవ పండే ఎర్రనేల. ఈ సదుపాయాలన్నీ కలిసిరాగా 1824లో హోసూరు పక్కనే మత్తిగిరి దగ్గర సైన్యం కోసం గుర్రాల పెంపక కేంద్రం పెట్టారు. దాని విస్తీర్ణం 1,600 ఎకరాలకు పైమాటే.

ఇంత నేల ఒకే చెక్కగా, ఒకే చేతి కింద ఉండడం మన మెట్ట ప్రాంతంలో అరుదు. రైతు పొలం తరానికోసారి అన్నదమ్ముల మధ్య ముక్కలవుతుంది. గుర్రాల నేలకు ఆ భాగపంపకాలు లేవు. అయితే కంచె పడిందంటే బయటి గొర్రెకూ ఆవుకూ దారి మూసుకున్నట్టే. గుర్రానికి సర్కారు కాపలా, పల్లె పశువుకు మిగిలిన బీడు. ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

19వ శతాబ్దం మధ్య నుంచి ఆస్ట్రేలియా గుర్రాలు ఓడల్లో మద్రాసుకు దిగసాగాయి. ఆ తర్వాత మోటారు వచ్చి గుర్రపు దళాల అవసరాన్నే తీసివేసింది. కాని మత్తిగిరి నేల చెదరలేదు. గుర్రాల స్థానంలోకి సింధీ ఆవులు వచ్చాయి, గుర్రాల కేంద్రం పశువుల ఫారం అయింది. గుర్రం కోసం గీసిన హద్దు గుర్రం పోయాక కూడా నిలిచింది.

కర్ణాటకలో కుణిగల్ కథా ఇలాంటిదే. టిప్పు కాలం నుంచి గుర్రాలు పెంచుతూ వచ్చిన ఆ ఫారం చివరికి పందెపు గుర్రాల పెంపకానికి మళ్ళి, 1992లో ప్రైవేటు కౌలుకు వెళ్ళింది. ఇటీవల ఆ 421 ఎకరాల్లో కొత్త ఊరు కట్టాలన్న ప్రభుత్వ ఆలోచన బయటికి రాగానే గట్టి వ్యతిరేకత లేచింది. రెండు శతాబ్దాలు ఇల్లు లేవని నేల కనుకనే కట్టేవాడి కన్ను దాని మీద పడుతుంది.

నేడు బెంగుళూరు శివార్లలో స్వారీ నేర్పే బళ్ళున్నాయి, పందెపు గుర్రాల లాయాలున్నాయి. రెండు మూడెకరాల్లో ఇన్ని గుర్రాలు ఎలా ఉంటాయని చూసేవాళ్ళకు అనిపిస్తుంది. వాటి మేత లారీల్లో వస్తుంది. గుర్రం తినే నేల ఎక్కడో ఉంది, గుర్రం నిలబడే నేల ఇక్కడుంది. ఒకప్పటి గుర్రం తన చుట్టూ గడ్డినేలను నిలబెట్టింది. ఇప్పటి గుర్రానికి ఆ అవసరం లేదు. కాబట్టి శివారు పచ్చికను అదే కాపాడుతుందని ఆశపడడం వృథా.

హోసూరు విషయానికి వద్దాం. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 2019లో ఊరు నగరపాలక సంస్థ అయింది. ఇక్కడ రెండు వేల ఎకరాల్లో విమానాశ్రయం కడతామని 2024లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. రాగి, ఉలవ వేసిన చేలు ఇంటిస్థలాలవుతున్నాయి. ఆ చేల పేర్లు, మెరకల పేర్లు, వంకల పేర్లు మన తెలుగులోనే ఉన్నాయి. చేను పోతే పేరు ఒక తరం నిలుస్తుంది, ఆపైన మరుపే.

ఈ మార్పు మధ్య మత్తిగిరిలో అంత నేల ఇంకా ఒక్కచోట మిగిలి ఉందంటే అది ఎవరి దూరదృష్టీ కాదు. కంపెనీ తన గుర్రాల కోసం వేసుకున్న కంచె ఫలితం. నాడు పల్లె పశువును బయట నిలబెట్టిన ఆ హద్దు నేడు నగరాన్ని ఆపుతోంది. వాన నీరు ఇంకడానికి, గడ్డి మొలవడానికి ఊరి పక్కన అంత చోటు మళ్ళీ కూడబెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ నేలను అడిగేవారు రేపు తప్పక వస్తారు. అప్పుడు అది ఖాళీ నేల అన్న మాట వినిపిస్తుంది. అది రెండు వందల ఏళ్ళుగా మేత పండిస్తున్న నేల అని జవాబు చెప్పడానికి దాని చరిత్ర మనకు తెలిసి ఉండాలి.