కరువులో బాప్తిస్మం ఆపేసిన క్లౌ దొర

 సత్క్రియల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పౌలు దగ్గర మొదలుపెట్టి యాకోబు దగ్గర ఆగిపోతాం. క్రియలతో రక్షణ కొనుక్కోలేమని ఒకరు చెప్తే, క్రియలే లేకపోతే ఆ విశ్వాసం ఎందుకని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషిని ఇరుకున పెట్టిన సందర్భం ఒకటి మన పర్చూరు పక్కనే జరిగింది. ఈరోజు ఆ చరిత్ర చూద్దాం.

చినగంజాం వైపు వెళ్లినవాళ్లకు పెదగంజాం తెలుసు కదా. కృష్ణ నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ దక్షిణంగా ఒంగోలు తీరం మీదుగా మద్రాసు దాకా పోతుంది. ఆ కాలువలో మన వైపు భాగాన్ని చాలావరకు ఆకలితో ఉన్నవాళ్లే తవ్వారు.

1876లో వానలు పడలేదు. ఆ తర్వాత రెండేళ్లు మద్రాసు రాష్ట్రమంతా కరువే. ఈ కరువుకు దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ప్రభుత్వం పని పెట్టి కూలి ఇచ్చింది. అయితే సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన లెక్క ఏంటో తెలుసా? రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోయాలి!

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నారు. 1866లో వచ్చారు. యువకుడిగా అమెరికాలో సర్వే పని చేశారు కాబట్టి ఆయనకు గొలుసు పట్టి భూమి కొలవడం వచ్చు. ఆయన కాలువలో మూడు నాలుగు మైళ్ల ముక్కకు కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మిగతా చోట్ల మేస్త్రీలు కొట్టేవాళ్లు, కూలి కోసేవాళ్లు. ఇక్కడ కొట్టేది లేదు, డబ్బు సరిగ్గా చేతికొచ్చేది. దాంతో జనం వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లలో మాదిగలు ఎక్కువ. మధ్యాహ్నం తట్టలు దించి కూర్చున్నప్పుడు ఆ బోధకులే పక్కన కూర్చుని యేసు గురించి చెప్పేవాళ్లు.

చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక నెలా రెండు నెలలా కాదు, దాదాపు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఇది తేలిక పని కాదు. ఒక మిషనరీకి బాప్తిస్మాల సంఖ్యే రిపోర్టు, చందాలు ఇచ్చేవాళ్లు చూసేది దాన్నే. కానీ అన్నం పెట్టే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే, వచ్చినవాడు దేనికి వచ్చాడో వాడికే తెలియదు. అందుకే కూలి కూలిగానే ఇచ్చారు. దానికి బదులుగా ఏమీ అడగలేదు, వాళ్లు ఇస్తామన్నదీ తీసుకోలేదు. సత్క్రియ అంటే నాకు ఇదే కనిపిస్తుంది.

1878 జూన్ వచ్చేసరికి కరువు సాయం ముగింపుకొచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో క్రైస్తవులు మాత్రమే కలుద్దామని క్లౌ కబురు పెడితే వేలమంది వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్లకు పొండి అన్నారాయన. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు వాళ్లు. జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. క్లౌ నీళ్లలో దిగలేదు, ఒడ్డునే ఉన్నారు.

మరి అన్నం కోసం మారారు అనే మాట తప్పేనా? పూర్తిగా తప్పని నేను అనను. చావకుండా కాపాడినవాళ్ల దేవుడి మీద నమ్మకం కలగడం మనిషి సహజం. కృతజ్ఞతని విశ్వాసం నుంచి తూకం వేసి విడదీసే కాటా ఎవరి దగ్గరా లేదు. అందుకే ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి.

ఒంగోలు మిషనులో చేరినవాళ్లకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ మాదిగపల్లెలో బతుకు ఎలా ఉండేదో చూడండి. ఊళ్లో చచ్చిన గొడ్డును తీసుకెళ్లడం, తోలు పని, జాతరలో డప్పు, వీటన్నిటికీ కలిపి కళ్లంలో ఇచ్చే గింజలు. జాతరకు డప్పు కొట్టనంటే ఆ గింజలు పోతాయి. ఆదివారం రానంటే రైతుకు కోపం. కొన్ని ఊళ్లలో కూలి ఆపేశారు, కొట్టారు కూడా. ఆత్మీయ ఎదుగుదల అంటే మనం వాక్యధ్యానం, ఉపవాసం అంటాం. వాళ్లకు మాత్రం అది కళ్లం దగ్గర మొదలైంది, కాలువ కూలి ఆగిపోయాక.

అందరూ నిలబడ్డారని కాదు. వేలమందికి నేర్పడానికి బోధకులు కొద్దిమందే, చదువు వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. బాప్తిస్మం ఒక్కరోజులో అవుతుంది, నేర్పడానికి ఏళ్లు కావాలి. అందుకే పల్లెల్లో బడులు పెట్టారు, బోధకులకు శిక్షణ ఇచ్చారు. ఒంగోలు సంఘం 20 వేలు దాటి ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘంగా పేరు తెచ్చుకుంది, తర్వాత దాన్ని చిన్న సంఘాలుగా విడదీయాల్సి వచ్చింది.

ఈ కథలో క్లౌ పేరే ఎక్కువ వినపడుతుంది, ఒంగోలులో ఆసుపత్రికి కూడా ఆయన పేరే పెట్టారు. కానీ తాళ్లకొండపాడులో ముందుగా నమ్మి, చుట్టుపక్కల పల్లెలు తిరిగి చెప్పింది యెర్రగుంట్ల పేరయ్యగారు. వచ్చే ఎపిసోడ్ ఆయన మీదే.