శిక్ష కొలత: ఫిక్సింగ్ నిషేధాలపై న్యాయస్థానాల తీర్పులు

ఫిక్సింగ్ నిషేధాల మీద మన క్రీడాన్యాయ రచనల్లో ఒక వాదం పాతుకుపోయింది. సంఘం నియమాలకు లోబడి ఆడతానని సంతకం చేసిన ఆటగాడు ఆ సంఘం వేసే శిక్షకూ ఒప్పుకున్నట్టేనని, అందులో కోర్టులు తలదూర్చితే క్రీడాసంఘాల స్వయంప్రతిపత్తి దెబ్బతింటుందని ఆ వాదం. 2005 నాటి జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐ రాజ్యాంగం దృష్టిలో ‘రాజ్యం’ కాదన్న సుప్రీంకోర్టు మాట వీరికి బ్రహ్మాస్త్రం. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు తలుపు తట్టవచ్చని అదే తీర్పు చెప్పిన సంగతి వీరి రచనల్లో అధోజ్ఞాపికలకే పరిమితం. ఈ వాదం నిలవదని క్రికెటర్ శ్రీశాంత్ కేసు రుజువు చేస్తుంది.

2013 మే నెలలో స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై అరెస్టయిన శ్రీశాంత్‌కు సెప్టెంబరు 13న బీసీసీఐ క్రమశిక్షణ సంఘం జీవితకాల నిషేధం విధించింది. 2015 జులైలో ఢిల్లీ కోర్టు అతన్ని క్రిమినల్ కేసు నుంచి తప్పించినా బోర్డు కదలలేదు. 2017 ఆగస్టులో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం నిషేధాన్ని కొట్టేసింది; అక్టోబరులో డివిజన్ బెంచ్ మళ్లీ నిలబెట్టింది. 2019 మార్చి 15న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తప్పు జరిగిందన్న నిర్ధారణ జోలికి పోలేదు, శిక్షను మాత్రం రద్దు చేసింది. కారణం బోర్డు సొంత అవినీతి నిరోధక నియమావళిలోనే ఉంది. అయిదేళ్ల నుంచి జీవితకాలం దాకా శిక్షకు అవకాశమిచ్చిన ఆ నియమావళి, నేర తీవ్రతను పెంచే అంశాలనూ తగ్గించే అంశాలనూ ముందుగా తూచాలని 6వ అధికరణంలో ఆదేశించింది. క్రమశిక్షణ సంఘం ఆ తూకమే వేయలేదు. పునఃపరిశీలనలో అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ నిషేధాన్ని ఏడేళ్లకు కుదించారు.

కోర్టు ఇక్కడ బయటి చట్టమేదీ బోర్డు నెత్తిన రుద్దలేదు. బోర్డు రాసుకున్న నియమాన్నే బోర్డుకు వర్తింపజేసింది. ఆటగాడి సంతకం ఒప్పందమైతే, ఆ ఒప్పందం సంఘాన్నీ కట్టిపడేస్తుంది. స్వయంప్రతిపత్తి వాదులు ఒప్పందంలో సగమే చదువుతున్నారు.

మరో క్రికెటర్ అజహరుద్దీన్ ఉదంతం ఆలస్యం ఖరీదును చూపుతుంది. 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం పడేనాటికి అతను 99 టెస్టులు ఆడాడు. హైదరాబాద్ సివిల్ కోర్టు నిషేధాన్ని సమర్థించగా, 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చట్టం ముందు నిలవదంది. అప్పటికి అతని వయసు 49. ఆ తీర్పు పేరును కాపాడింది, వందో టెస్టును ఇవ్వలేకపోయింది. అజహరుద్దీన్‌తో పాటే 2000 డిసెంబరులో అయిదేళ్ల నిషేధానికి గురైన అజయ్ జడేజాకు 2003 జనవరిలోనే ఊరట దక్కింది కాబట్టి, ఈ జాప్యం న్యాయప్రక్రియకు సహజమని సరిపెట్టుకోలేం.

ఫిక్సింగ్ రహస్యంగా సాగే నేరం గనుక క్రీడాసంఘాలకు క్రిమినల్ కోర్టుల స్థాయి రుజువు అక్కర్లేదన్నది నిజమే. కానీ రుజువు విషయంలో సడలింపు పొందిన సంఘం శిక్ష విషయంలో మరింత జాగ్రత్త చూపాలి. కారణాలు చెప్పని జీవితకాల నిషేధం, బీసీసీఐ విధించినా జిల్లా కబడ్డీ సంఘం విధించినా, శిక్ష కాదు, అధికార దుర్వినియోగం. ప్రతి క్రీడాసంఘం శిక్షకు కారణాలను లిఖితపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలును గడువులోగా తేల్చే స్వతంత్ర ట్రిబ్యునల్‌ను చట్టం ఏర్పరచాలి. ఆటగాడి కెరీర్ ముగియకముందే తీర్పు రావడం అతని హక్కు.