గుడ్డనడగని ప్రశ్న

"ఏరా సాయిబూ, అసలు మీవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చార్రా?"

ఈ ప్రశ్న నన్ను మొదటిసారి అడిగినాయన మంచివాడు. మాకు సోషల్ చెప్పే మాస్టారు. కోపంగా అడగలేదు, వెటకారమూ చెయ్యలేదు. తుగ్లక్‌ల పాఠం అయిపోయాక, నా వైపు చూసి ఆప్యాయంగానే అడిగారు. నాకప్పుడు పన్నెండేళ్లు. "నర్సాపురం నుంచేనండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఎందుకు నవ్వారో ఆ రోజు తెలీలేదు. నా పక్కన కూచున్న వాళ్లనెవర్నీ ఆ ప్రశ్న అడగలేదన్న సంగతి మాత్రం గుర్తుండిపోయింది.

ఇంటికొచ్చి దాదీని అడిగాను. "బగ్దాద్ సే ఆయే హమ్" అంది తల పైకెత్తి. రాజమండ్రిలో పుట్టి రాజమండ్రిలోనే పెరిగిన దాదీ. గోదావరి అవతల ఒడ్డు కూడా సరిగ్గా చూడలేదు. అమ్మీ వైపు వాళ్లు దూదేకుల వాళ్లు. వాళ్లింట్లో తెలుగే. దూదేకుల పిల్లని చేసుకున్నాడని దాదీ అబ్బాతో చాలాకాలం మాట్లాడలేదు. నర్సాపురం వెళ్లినప్పుడు నానానీ అదే అడిగాను. ఆయన నవ్వి, గోడకి వేలాడుతున్న దూదేకే విల్లు చూపించాడు. "ఇదిగో, దీన్నుంచొచ్చాం" అన్నాడు.

ఈ రెండు జవాబుల మధ్య ఇన్నేళ్లు బతికాను. రెండో జవాబు ఎంత నిజమో నాకు తెలిసింది మాత్రం మన గోదావరి దగ్గర కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున, మార్సెయ్ అనే ఊళ్లో.

అక్క కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. "ఒక్క వారం రా మామూ" అని ఒకటే పోరు. అప్పో సప్పో చేసి, టూరిస్టు వీసా కొట్టించుకుని వెళ్లాను.

ఊరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. నడిబొడ్డున పాత రేవు. మూడు పక్కలా ఊరు, మధ్యలో నీళ్లు, లెక్కలేనన్ని తెరచాప కొయ్యలు. కొండ మీద నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చి, దాని కొసన బంగారు పూత పూసిన మేరీమాత విగ్రహం. పొద్దున్నే రేవు గట్టు మీద బల్లలేసుకుని చేపలమ్ముతారు. ఆ బేరాలూ, ఆ గొంతులూ వింటే నర్సాపురం చేపల బజారు గుర్తొచ్చింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్ని చేరవేసే చిన్న పడవొకటి తిరుగుతూ ఉంటుంది. సఖినేటిపల్లి పంటు తమ్ముడే అనుకున్నాను. కానెబియేర్ అనే పెద్ద వీధి రేవు దాకా దిగుతుంది. పక్కనే నొయాయ్ బజారు. పుదీనా కట్టలు, ఖర్జూరాలు, జీలకర్ర వాసన, అరబ్బీ అరుపులు. అక్కడ సలాం చెబితే పది సలాములు తిరిగొస్తాయి.

ఆ ఊరి పుట్టుక కథ టూరిస్టులందరికీ చెబుతారు. క్రీస్తు పూర్వం 600 ప్రాంతంలో, ఇవాళ్టి తుర్కియే తీరంలోని ఫోకియా నుంచి గ్రీకు నావికులు వచ్చారట. ఆ రోజే స్థానిక రాజు కూతురికి స్వయంవరం. ఆ పిల్ల తన వాళ్లందర్నీ కాదని, ఓడ దిగిన పరాయివాడి చేతికి పానపాత్ర ఇచ్చిందట. అలా పుట్టిందట మార్సెయ్. అంటే ఆ ఊరు వలసతోనే పుట్టింది. ఈ కథ చెప్పేటప్పుడు వాళ్ల మొహాల్లో ఎంత గర్వమో!

కానీ అదే ఊళ్లో 1881 జూన్‌లో ఇటలీ నుంచి కూలికొచ్చిన వాళ్లని వీధుల్లో వెంటాడి కొట్టారు. ఇటలీ వాళ్లు అంతా క్రైస్తవులే, రంగూ ఒకటే. అయినా "మీరెక్కణ్నుంచి వచ్చారు" అన్న ప్రశ్న తప్పలేదు. ఆ తర్వాత ఆర్మీనియన్లు వచ్చారు, అల్జీరియా వాళ్లు వచ్చారు, కొమొరో దీవుల వాళ్లు వచ్చారు. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది, అడిగించుకునే వాళ్లు మారారు. ముస్లింలు అంత పెద్ద సంఖ్యలో ఉన్న ఊళ్లో ఒక పెద్ద మసీదుకి 2010లో శంకుస్థాపన చేశారు. అది గోడ కూడా లేవలేదు. పరాయివాడికి పిల్లనిచ్చిన కథ రాతి మీద చెక్కుకోవచ్చు. కానీ ఇవాళ వచ్చినవాడికి నమాజుకి చోటివ్వడం అంత సులువు కాదు.

నాకూ ఒక ముచ్చట జరిగింది. మొదటి రెండు రోజులూ మెళ్లో కెమెరా వేసుకు తిరిగాను. అందరూ నవ్వుతూ పలకరించారు. మూడోరోజు కెమెరా ఇంట్లో పెట్టి, గడ్డంతో, చేతిలో కూరగాయల సంచితో బజారు నుంచి వస్తున్నాను. యూనిఫాంలో ఉన్న ఇద్దరు ఆపి కాగితాలడిగారు. పాస్‌పోర్టు చూశాక "ఓ, టూరిస్టా!" అని నవ్వి వదిలేశారు. అదే మొహం, అదే గడ్డం. కెమెరా ఉంటే అతిథి, సంచీ ఉంటే అనుమానితుడు.

ఆ సాయంత్రమే నొయాయ్ పక్క సందులో బట్టల కొట్టుకి వెళ్లాం. అమ్మీకి తెల్లటి మెత్తటి గుడ్డ కావాలి, నమాజు చాదరు కుట్టించుకోవడానికి. కొట్టాయన అల్జీరియా ముసలాయన. ఒక తాను విప్పి, రెండు వేళ్ల మధ్య నలిపి చూపించి, "మదపొలం" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, "మదపొలం, మదపొలం." అట్ట మీద అదే రాసి ఉందని మా వాడు చదివి చెప్పాడు.

నా ఒళ్లు ఝల్లుమంది. అది మా ఊరి పేరు! నర్సాపురాన్ని ఆనుకుని, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెం. చిన్నప్పుడు పంటు ఎక్కిన రేవు. ఫ్రెంచిలో, స్పానిష్‌లో, ఇటాలియన్‌లో ఇవాళ్టికీ ఒక రకం తెల్ల నూలుగుడ్డకి మా రేవు పేరే పేరు. "ఈ గుడ్డ ఏ ఊరిది?" అని మావాడి చేత అడిగించాను. ముసలాయన భుజాలెగరేశాడు. "ఫ్రెంచి గుడ్డే కదా!" అన్నాడు.

ఈ గుడ్డ కథ మనం మర్చిపోయిన కథ. గోల్కొండ సుల్తాన్ల కాలంలో నర్సాపురంలో సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు కట్టేవారు. ఐరోపా వాళ్లు కూడా ఇక్కడే ఓడలు కట్టించుకునేవారు. డచ్చివాళ్లు పాలకొల్లులో దిగారు. ఇంగ్లీషువాళ్లు మాధవాయిపాలెంలో దిగారు. ఈస్టిండియా కంపెనీకి ఈ డెల్టాలో మూడు వాణిజ్య ఏజెన్సీలుండేవి: మాధవాయిపాలెం, బండమూర్లంక, ఇంజరం. అందులో మాధవాయిపాలెమే పెద్దది. అది 1833 దాకా నడిచింది. కాలికోకీ మస్లిన్‌కీ మధ్యరకం తెల్లగుడ్డ అక్కణ్నుంచి ఓడలెక్కి పోయేది. నోరు తిరగని దొరలు "మదపొల్లం" అన్నారు. ఆ తర్వాత అదే పేరుతో ఇంగ్లండు మిల్లుల్లో గుడ్డ తయారుచేసి, ఓడల మీద తెచ్చి మన దేశంలోనే అమ్మారు. గుడ్డ పేరు ప్రపంచం తిరిగింది. నేసినవాడి మగ్గం మూలపడింది.

ఆ గుడ్డ ఎవరిది? దూది ఏకింది మా నానా తాతముత్తాతల్లాంటి దూదేకులవాళ్లు. నూలు వడికింది ఊళ్లో ఆడవాళ్లు. నేసింది దేవాంగులు, సాలీలు, మాలలు. చలవ చేసింది చాకళ్లు. పడవల మీద ఓడకి చేర్చింది పల్లెకారులు. ఒక్క గజం గుడ్డలో ఇంతమంది చేతులున్నాయి. పోగు లాగి "ఇది హిందూ పోగు, ఇది ముస్లిం పోగు" అని చెప్పగలవాడెవడైనా ఉంటే రమ్మనండి.

రేవు మాటలూ అంతే. లంగరు, సరంగు, కళాసీ, లస్కరు, బందరు. ఇవన్నీ అరబ్బీ పారశీకాల నుంచి వచ్చి తెలుగైపోయిన మాటలు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కాలవల మీద లాకులు తీసి మూసేవాణ్ని ఇవాళ్టికీ మన రైతులు లస్కరనే అంటారు. ఆ మాట పరాయిదని ఏ రైతూ అనుకోడు. మార్సెయ్‌లోనూ ఇదే తంతు. పత్తిని వాళ్లు "కొతోం" అంటారు, అది అరబ్బీ "ఖుత్న్". సుంకం వసూలుచేసే కచేరీని "దువాన్" అంటారు, అది మన "దివాణం" చుట్టమే. మాటకి లేని వీసా మనిషికెందుకు?

గుడ్డకి కూడా ఒకప్పుడు ఆ ఊళ్లో కష్టాలొచ్చాయి. మన దేశపు అద్దకం గుడ్డలంటే ఫ్రాన్సు జనం పడిచచ్చేవారు. "ఇందియెన్" అనేవారు వాటిని. 17వ శతాబ్దంలో మార్సెయ్‌లో ఆర్మీనియన్ పనివాళ్లు అద్దకం నేర్పారు. అక్కడి పట్టు, ఉన్ని వ్యాపారులు గోలపెడితే 1686లో రాజు నిషేధం పెట్టాడు. అది తొలగింది 1759లో. చిత్రమేమిటంటే, ఆ ఏడాదే మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల పాలై, ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ల పెత్తనం ముగిసింది. వాళ్లకి మిగిలింది గౌతమీ ఒడ్డున యానాం. అది 1954 దాకా వాళ్ల చేతుల్లోనే ఉంది.

మార్సెయ్ రైల్వే స్టేషన్ ముందు పెద్ద మెట్ల వరస ఉంది, 1927లో ప్రారంభించారు. మెట్ల పక్కన ఒరిగి పడుకున్న రెండు ఆడ విగ్రహాలు. ఒకామె ఆసియా వలసలు, ఒకామె ఆఫ్రికా వలసలు. 1927 అంటే యానాం వాళ్లదే. అంటే ఆ రాతి ఆడమనిషిలో మన గోదావరి ముక్క కూడా ఉందన్నమాట. ఆ మెట్ల మీద కూచుని చాలాసేపు ఆలోచించాను. తెలుగులో ఒక తమాషా ఉంది. వాళ్లు ఓడెక్కి మన దగ్గరికొస్తే వలస పాలన. మనం ఓడెక్కి వాళ్ల దగ్గరికి పోతే వలస కూలి. మాట ఒకటే. వచ్చినవాడి చేతిలో తుపాకీ ఉందా, సంచీ ఉందా అన్నదే తేడా.

ఈ మాట మన డెల్టా హిందూ సోదరులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ల తాతల్ని అడిగితే చాలు. కోరంగి పెద్ద రేవు. 1839 తుపానుకి నాశనమైంది. ఆ రేవు పేరు మీదే రంగూన్‌లో తెలుగు కూలీలందర్నీ "కోరంగీలు" అన్నారు. గోదావరి వాడైనా, విశాఖ వాడైనా అక్కడ కోరంగే. ఇక్కడ "తురకోడు" అన్న మాటలో ఎంత విషం ఉందో, అక్కడ ఆ మాటలో అంత విషం ఉండేది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సమ్మె తీరి వాళ్లు పనిలోకి తిరిగొచ్చేసరికి, వాళ్ల చోట పెట్టుకున్న బర్మా కూలీలతో గొడవ మొదలై వీధివీధికీ పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1942లో జపాన్ వాళ్లు వస్తే అడవుల వెంట కాలినడకన తిరిగొచ్చారు, దారిలో ఎందరో రాలిపోయారు. ఆ ఇళ్లల్లో ఇప్పటికీ ఆ కథలు చెప్పుకుంటారు. "మీ దేశం మీరు పొండి" అన్న మాట ఎలా ఉంటుందో ఆ ఇళ్లకి తెలుసు. తెలిసిన ఇళ్లల్లోంచే ఆ మాట నా మీదికి వచ్చినప్పుడు నాకు కోపం కంటే బాధే ఎక్కువ.

ఇక మనవాళ్ల సంగతీ చెప్పాలి. రాజమండ్రి మెయిన్ రోడ్డులో పెద్ద మసీదుంది. ద్వారం మీద పారశీక శాసనం, 1324 నాటిది. అంతకు ముందేడాదే ఓరుగల్లు పడిపోయింది. ఆ చోట అంతకుముందు గుడి ఉండేదన్న మాట ఊళ్లో ఉంది. ఆ మాటని నేను దాచను. గెలిచిన సుల్తాను సేనాని కట్టించాడు. గెలిచినవాళ్లు చేసే పని చేశాడు. కానీ ఆ సేనానికి నేను వారసుణ్ని ఎట్లా అవుతాను? అతను గుర్రమెక్కి వచ్చాడు. మా నానా దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా పరుపులు కుట్టాడు. ఏడువందల ఏళ్ల కిందటి గెలుపులో మా నానాకి గవ్వ రాలేదు. దాని లెక్క మాత్రం నా దగ్గర వసూలు చేస్తామంటారు.

ఈ వసూలుకి దారి వేసింది కొంతవరకు మా దాదీలాంటి వాళ్లే. "బగ్దాద్ నుంచి వచ్చాం, బుఖారా నుంచి వచ్చాం" అని మురిసిపోతూ, పక్కింటి దూదేకులవాణ్ని తక్కువ చూశారు. వాడు తెలుగు మాట్లాడతాడని వెక్కిరించారు. ఆ లేని బగ్దాద్‌నే ఎదుటివాడు పట్టుకుని, "మీరే ఒప్పుకున్నారుగా, వెళ్లండి మరి" అంటున్నాడు. దాదీ మీద నాకు కోపం లేదు. పేదరికంలో మిగిలిన ఒక్క నగ అది. కానీ ఆ నగ ఇప్పుడు మెడకి ఉరైంది, తీసెయ్యాలి.

మదపొలం నాలుగు గజాలు కొనుక్కుని వచ్చాను. ఆ రేవులో దిగిన గుడ్డని ఎవరూ "నీ పూర్వీకులెవరు" అనడగలేదు. ఒంటికి మెత్తగా ఉందా లేదా అని చూశారు, కట్టుకున్నారు, తమది చేసుకున్నారు.

ఊరికి తిరిగొచ్చాక ఒకరోజు మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాను. కొబ్బరికాయల బస్తా మీద కూచున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. నా గుండె కొంచెం బిగుసుకుంది.

"ఏ ఊరండీ తమది?" అన్నాడు.

"నర్సాపురమేనండి. మా అమ్మగారిది ఈ ఊరేనండి."

"ఆయ్, అలాగాండి" అని కొంచెం జరిగి బస్తా మీద నాకు చోటిచ్చాడు.

"ఎక్కణ్నుంచి వచ్చారు?" అనడానికీ "ఏ ఊరండీ తమది?" అనడానికీ మధ్య ఉన్న దూరం ఎంతని మీరడిగితే, నాకు తెలిసినంతలో అది ఆ బస్తా మీద ఆయన జరిగిన జానెడు చోటే. మాస్టారు బతికుంటే ఇదే చెప్పేవాణ్ని. ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు కాదండి. ప్రశ్నే తప్పు.