పాట ఎవరికిచ్చారు?



పోయిన చలికాలం మా బిడ్డని ఒక చారిత్రక పద్యనాటకానికి తీసుకెళ్ళాను. కొత్త నాటకం, కొత్త తెరలు, హార్మోనియం కూడా బాగా పలికింది. తిరిగొస్తుంటే బస్సులో నా భుజం మీద తల ఆనించి అడిగింది: "అమ్మీ, నాటకంలో మనోళ్ళు ఎప్పుడూ అట్ల ఎందుకు నవ్వుతరు?"

వెంటనే జవాబు దొరకలేదు. అది చెప్పింది సచ్ బాత్. ఆ నాటకంలో నవాబు వచ్చినప్పుడల్లా ఎర్ర లైటు పడింది, నగారా మోగింది, ఆయన గడ్డం నిమురుకుంటూ పెద్దగా నవ్వాడు. రాజు పాడాడు, రాణి పాడింది, ద్వారపాలకుడు కూడా ఒక పద్యం అందుకున్నాడు. నవాబు ఒక్కడే పాడలేదు.

ఈసారి సీజన్‌కి మళ్ళీ మూడు కరపత్రాలు మా ఇంటికొచ్చాయి. ఒకటి సిద్దిపేటలోనే, కోట, ముట్టడి, నవాబు ఉన్న కొత్త పద్యనాటకం. రెండోది హైదరాబాద్‌లో, కులీ కుతుబ్ షా, భాగమతి కథ మీద ఉర్దూ పాటలతో కట్టిన కొత్త సంగీత నాటకం. మూడోది మన జిల్లా కాలేజీ పిల్లలు షేక్ బందగీ కథని బుర్రకథ వరసలతో, ఒగ్గు డోలుతో కలిపి ఆడుతున్న కొత్త ఆట. మూడింటికీ పోవడానికి పైసలు లేవు, పిల్లల పరీక్షలు ముందున్నాయి. ఏది చూడాలి? ఫైసలా చేసే ముందు కొంచెం తవారీఖ్ తిరగేశాను. మీ ఇంట్లోనూ ఇదే పరేషానీ ఉంటుందని రాస్తున్నాను.

గానా బజానా జాయజా నాజాయజా అన్న మసలా ఉలమాలది. అందులో నేను వేలు పెట్టను. పోకూడదనుకునే వాళ్ళ నీయత్‌కి నా సలాం. ఇది పోయే ఖాందాన్‌ల కోసం.

మనకి ముందు తెలియాల్సింది, పాటల నాటకం మన ఇంటికి చుట్టం కాదు, ఇంటి మనిషే. 1853 ప్రాంతంలో లక్నోలో ఆగా హసన్ అమానత్ 'ఇందర్ సభ' రాశారు. అప్పుడు అవధ్ తఖ్త్ మీద ఉన్నది వాజిద్ అలీ షా, స్వయంగా ఆటపాటల పిచ్చి ఉన్న నవాబు. అమానత్ సంగతి వింటే దిల్ కలుక్కుమంటుంది. జవానీలోనే ఆయన నాలుక పడిపోయింది. కర్బలా జియారత్ చేసొచ్చాక మాట కొంత తిరిగొచ్చిందంటారు, అదీ తడబడుతూనే. అట్లాంటి మనిషి రాసిన నాటకంలో అందరూ పాడతారు! ఇంద్రుడు పాడతాడు, సబ్జ్ పరీ పాడుతుంది, ఆమె ప్రేమించిన షహజాదా గుల్ఫామ్ పాడతాడు. దేవుళ్ళ రాజు పేరు సంస్కృతం, పరీలు ఫార్సీ కిస్సాల నుంచి వచ్చినవాళ్ళు, పాటల్లో గజల్ పక్కనే ఠుమ్రీ, హోళీ. ఎవరూ ఎవరినీ నువ్వెక్కడి దానివని అడగలేదు. 1932లో అది సినిమాగా వస్తే 70కి పైగా పాటలు పెట్టారు. మన దేశంలో పాటల్లేని సినిమా ఎందుకు రాదో ఆలోచిస్తే, దారి అటు కూడా పోతుంది.

ఆ గాలి దక్కన్‌కి తొందరగానే వచ్చింది. 1872లో సాలార్ జంగ్ పిలుపు మీద బొంబాయి నుంచి విక్టోరియా నాటక మండలి అనే పార్సీ కంపెనీ హైదరాబాద్ వచ్చింది. రంగుల తెరలు, మాయ చేసే యంత్రాలు, ఉర్దూ పాటలు. తర్వాత 1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీ కోస్తా ఊళ్ళు తిరిగింది. దాన్ని చూసి మోజుపడి, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం లాంటి వాళ్ళు తెలుగులో నాటకాలాడించారు. ఇక్కడిదాకా నాటక చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాతి ముచ్చట మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి అని ఒక పండితుడు. 1884 నుంచి 1886 లోపల ఆయన 32 నాటకాలు రాశారు. ఏ జబాన్‌లో? హిందూస్తానీలో. ఏ లిపిలో? తెలుగు లిపిలో. అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ వాటిని ఆడింది. ఒక్కసారి ఊహించండి: బందరులో తెలుగు నటులు, ముందు తెలుగు జనం, స్టేజీ మీద మన ఇంటి మాటకి దగ్గరి మాట. పాటల నాటకమంటే అప్పట్లో ఆ జబాన్‌లో ఉంటేనే మజా అనుకున్నారన్నమాట. మీరిప్పుడు చదువుతున్నదీ అదే హిసాబు, ఉర్దూ మాటలు, తెలుగు అక్షరాలు. నేనేదో కొత్తగా రాస్తున్నానని అనుకునేదాన్ని. 140 ఏళ్ళ కిందే ఒకాయన 32 నాటకాల నిండా ఆ పని చేసి పోయాడు.

తర్వాత తెలుగు నాటకం సొంత కాళ్ళ మీద నిలబడింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం'తో నాటకం నిండా పాటలు తెచ్చారు. కడప జిల్లా సురభిలో 1885లో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాలు ఈనాటికీ తెరల మధ్యే బతుకుతున్నాయి, వాళ్ళ నటులు స్టేజీ మీద తమ గొంతుతోనే పాడతారు. మరి ఆ స్టేజీ మీద మన జబాన్ ఏమైంది? 1897లో వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' రాశారు. ఏ పాత్ర బయట ఎట్లా మాట్లాడుతుందో స్టేజీ మీదా అట్లాగే మాట్లాడాలని ఆయన ఉసూల్. చాకలి పేరిగాడిది చాకలి మాట, తురకలది తురక మాట. ఆయన చేతిలో అది హునర్. ఆయన తర్వాత ఆ హునర్ లేని వాళ్ళ చేతిలో అది ఒక వేషమైపోయింది. టోపీ, గడ్డం, సుర్మా, 'అరే ఓ సాంబా' తీరు ఉర్దూ, ఆ నవ్వు. పాట పోయింది, నవ్వు మిగిలింది. మా బిడ్డ అడిగిన సవాల్‌కి జవాబు ఈ మలుపులోనే ఉంది.

కానీ అంతా అట్లా లేదు, అట్లా చెబితే అది నాఇన్సాఫీ. తెలుగు ఊళ్ళలో రామదాసు నాటకం ఎన్నో రాత్రులు ఆడింది. అందులో తానీషా ఉంటాడు, గోల్కొండ ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్. రామదాసును ఖైదులో వేసింది ఆయనే. కానీ కథలో రామలక్ష్మణులు మొహరీలు తెచ్చి కట్టింది ఎవరి ముందు? తానీషా ముందు. ఏళ్ళ తరబడి పిలిచిన భక్తుడికి కనపడని వాళ్ళు ముందు సుల్తాన్‌కి కనపడ్డారని జనం నమ్మారు, ఆ సీన్‌కి చేతులు జోడించారు. తప్పు చేసిన మనిషికీ దిల్ ఉంటుందని ఆ కథ అల్లిన వాళ్ళకి తెలుసు.

ఇక మనవాళ్ళు రాసినవీ పాడినవీ. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945), సూఫీ పీఠానికి అధిపతి, అవధానాలు చేసిన పండితుడు, కేంద్ర శాసనసభ సభ్యుడు. 'మణిమాల', 'కళ' లాంటి నాటకాలు చక్కటి తెలుగులో రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, దూదేకుల ఇంటి బిడ్డ. భుజాన తంబురా, వేలికి అందె, పక్కన ఇద్దరు వంతలు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు, ఆయన గొంతులో అన్నీ మోగాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. తన జిందగీ కథకి 'పింజారి' అని పేరు పెట్టుకున్నారు. జనం తిట్టుగా వాడిన మాటని తఖల్లుస్ లాగా ధరించిన హిమ్మత్ అది.

మన సిద్దిపేట మట్టిలోనూ ఇదే ఉంది. చేర్యాల పటాలు చూడండి. కులపురాణం పాడే కళాకారుడు ఆ పటం విప్పుతూ బొమ్మ చూపిస్తూ కథ పాడతాడు, అదే వాళ్ళ స్టేజీ తెర. ఆ పటం గీసేవాళ్ళని నకాషీలంటారు. నక్ష్, నఖ్ఖాష్, నకాషీ, మాట ఎక్కడి నుంచి నడిచొచ్చిందో చెప్పక్కర్లేదు. పీర్ల పండుగకి అలావా చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్‌ల షహాదత్‌ని తెలుగులో పాడేవాళ్ళల్లో సగం మంది పేర్లు మల్లయ్య, యాదయ్య. అక్కడ హుసేన్‌కి పాట ఉంది. ఆ పాట ఇచ్చింది మల్లయ్య.

ఇదంతా చదివాక నాకొక కసౌటీ దొరికింది, చిన్నదే. పాటల నాటకంలో పాటంటే దిల్‌కి కిటికీ. ఎవరికి పాట ఇస్తారో వాళ్ళ లోపలికి మనల్ని రానిస్తారు. కాబట్టి నాటకంలో ముసల్మాన్ మంచోడా, చెడ్డోడా అని నేనిక అడగను. చరిత్రలో జాలిమ్ నవాబులూ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. అడిగేది ఒకటే, అతనికి పాట ఇచ్చారా? ఇంకో చిన్న సవాల్ కూడా ఉంది, ఆ పాట స్టేజీ మీద పాడుతున్నారా, రికార్డు వేసి పెదాలు కదుపుతున్నారా?

మొదటి నాటకం నిర్వాహకుల్లో ఒకాయనకి ఫోన్ చేశాను. "అన్నా, నవాబుకి పద్యం ఉందా?" ఆయన కాసేపు ఆగి, "లేదమ్మా. గా పాత్రకు పద్యం ఎందుకు?" అన్నాడు. నేను మా బిడ్డ అడిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపం చేసుకోలేదు. "ఇన్నేండ్లల్ల గిట్ల అడిగినోళ్ళు లేరమ్మా" అన్నాడు. ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. ఎందుకు లేరు? ఆ సీట్లలో మనం లేం కాబట్టి. కూర్చున్న నేను కూడా పోయినసారి చప్పట్లు కొట్టి వచ్చాను.

రెండోది, కులీ నాటకం. ఆయనకి పాట ఇచ్చారా అని అడగక్కర్లేదు, ఆయనే సాహిబ్-ఎ-దీవాన్ శాయర్. బసంత్ మీద, వానల మీద, పండుగల మీద, మన కూరగాయల మీద కూడా దక్కనీలో కవిత్వం చెప్పిన బాద్షా. కాబట్టి అక్కడ నేను అడిగేది వేరు: ఆయన కలామ్ వినిపిస్తారా, లేక సినిమా పాటల తీరు ఏదో వినిపిస్తారా? భాగమతి నిజంగా ఉందా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆయన దీవాన్ మాత్రం చేతిలో పట్టుకోగలిగినది. వాళ్ళు పంపిన పాటల జాబితాలో ఆయన గజళ్ళు రెండున్నాయి. పైసలు కూడితే రైలెక్కి పోతాం.

మూడోది బందగీ. మన పక్క జనగామ జిల్లా కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడి, కోర్టులో గెలిచి, ప్రాణం పోగొట్టుకున్నాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఆయన కథతోనే 'మా భూమి' నాటకం కట్టారు. 1947 నుంచి అది ఊరూరా ఆడింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. తెలుగు నాటకంలో జనం తమవాడని ఏడ్చిన హీరో పేరు షేక్ బందగీ. ఇది నేను బడిలో చదవలేదు.

అందుకే ముందు దానికే పోతున్నాం. కాలేజీ పిల్లలు, తెరలు చిరిగి ఉండొచ్చు, శ్రుతి తప్పొచ్చు. పర్వాలేదు.

నిన్న రాత్రి టికెట్లు చూపిస్తే మా బిడ్డ అడిగింది, "బందగీ కూడా నవ్వుతడా అమ్మీ?"

"పాడుతడు బేటా" అన్నాను.

ఖుదా హాఫిజ్.