దొరవారిసత్రము: ధర్మసంస్థయు ప్రజావిశ్వాసమును

నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, నెల్లూరినుండి చెన్నపట్టణము పోవు బాటపై దొరవారిసత్రమను నూరు గలదు. నెల్లూరు మండలమున నుండిన యీ యూరు 2022-వ సంవత్సరమున తిరుపతి జిల్లాలో చేరినది. ఈ పేరున దాత నామము లేదు. 'దొరవారు' అను గౌరవపదమును, సత్రమును మాత్రమే నిలిచినవి. దాత నెరుగని బాటసారి యట్టి గడపలో మూట దించి యేల నిశ్చింతగా నిద్రించెను? ఇది విచారణీయము.

మాన్యము చెడకుండవలెను, దాని రాబడి యన్నోదకములకే వినియోగపడవలెను. ఈ రెండును దాత మరణానంతరము జరుగవలసినవి. కావుననే దానశాసనముల కడపట శాపోక్తులు తరచుగా గానవచ్చును. దత్తభూమి నపహరించినవాడు అరువదివేలేండ్లు మలమున క్రిమియై పుట్టునను మాట వట్టి యలంకారము గాదు. రాబోవు రాజును నమ్మజాలని దాత పరలోకభయమును కావలి నిలిపెను. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు 1905-లో ప్రకటించిన నెల్లూరు శాసనసంపుటములను చదువువారు ఈ దృష్టితో పరిశీలింపదగును.

కుంఫిణీవారి కాలమున శాపమునకు మారుగా లెక్క వచ్చెను. చెన్నపురి రాజధానియందు 1817-వ సంవత్సరపు 7-వ రెగ్యులేషను దేవాలయములతోపాటు సత్రములను, వంతెనలను గూడ రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ క్రిందికి దెచ్చెను. 1863-లో 20-వ ఆక్టు వలన ప్రభుత్వము మతసంస్థల నిర్వహణమునుండి తొలగెను. పిమ్మట 1966-లోను, 1987-లోను ఆంధ్రప్రదేశమున దేవాదాయ ధర్మాదాయ చట్టము లేర్పడెను. రెండవది వంశపారంపర్య ధర్మకర్తృత్వమును రద్దు చేసెను. చట్టములు మారినను ప్రశ్న మారలేదు: ధర్మకర్తను గనిపెట్టువా డెవడు? వానిని గనిపెట్టువా డెవడు?

ఇందులకు మూడవ కావలి యొకటి గలదు. అది సాక్షి వాక్యము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18-న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, నెల్లూరు మీదుగా మరలి 1831 సెప్టెంబరు 3-న ఇల్లు చేరిరి. మజిలీ మజిలీకిని నీటివసతిని, దినుసుల లభ్యతను, దిగుటకు దగిన తావులను వారు వ్రాసి యుంచిరి. 1838-లో ముద్రితమైన ఆ గ్రంథము తరువాతి యాత్రికులకు వార్తాపత్రమువంటిది. వారి మాటకు విలువ యేల గలిగెననగా, వారు తాము చూచినదానిని వ్రాసిరి. ఏ సత్రమును పొగడినను వారికి లాభము లేదు.

1899-లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ రైలుమార్గము పూర్తికాగా కాలిబాట ప్రయాణము సన్నగిల్లెను. సత్రము పేరు స్టేషను పలకపై కెక్కెను. చూచువాడు లేని మాన్యము నాక్రమించుట సులభము. శాపము, లెక్క, సాక్షి యను మూడింట ఏ యొక్కటియు చాలదు. కావున నాయా యూళ్ల పండితులు సత్రములందలి శిలాఫలకముల ప్రతులు వ్రాసికొని భద్రపరచుట మేలు. అదియు సాక్ష్యమే.