కాగితం మీద 72, గొంతులో 19

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదట పట్టేది సరళీ వరుసలు. రాగం మాయామాళవగౌళ, తాళం ఆది. ఈ బాట వేసింది పురందరదాసు (1484–1564) అంటారు. ఆ రాగం, తాళం రెండింటి వెనకా పండితులు తీరిగ్గా కూర్చుని కట్టిన లెక్కలున్నాయి.

స్థాయిలో స్వరస్థానాలు 12. షడ్జమం, పంచమం కదలవు. షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ నడుమ నాలుగు మెట్లు. వాటిలో ఏ రెండు తీసుకున్నా కిందిది రిషభం, పైది గాంధారం. అలా ఆరు జతలు. అందుకే ఒకే మెట్టు ఒక రాగంలో చతుశ్రుతి రిషభం, ఇంకోదానిలో శుద్ధ గాంధారం అవుతుంది. 12 స్థానాలకు 16 పేర్లొచ్చాయి. పంచమం పైన ధైవత నిషాదాలకూ ఆరు జతలే. ఆరారుల 36. మధ్యమాలు రెండు కాబట్టి ఇలాంటి స్వరాల కూర్పులు, అంటే మేళాలు, 72.

లెక్క ఇంత తేలికే అయినా తేలడానికి కాలం పట్టింది. విజయనగరంలో అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో రాసిన 'స్వరమేళకళానిధి'లో మేళాలు 20. మరుసటి శతాబ్దంలో తంజావూరులో, తెలుగు ప్రభువు విజయరాఘవ నాయకుడి కొలువులో వేంకటమఖి 'చతుర్దండీప్రకాశిక' రాసి 72 దగ్గర గిరి గీశాడు. తమాషా ఏమిటంటే, తన కాలానికి వాడుకలో ఉన్నవిగా ఆయన వివరించినవి 19 మాత్రమే. మిగతా 53 ఖాళీ గడులు! తరవాతి తరాలు మేళాల పేర్లలోనే వాటి సంఖ్యలు దాచాయి. కటపయాది లెక్కలో 'మా' అంటే 5, 'యా' అంటే 1. తిప్పి చదివితే మాయామాళవగౌళ 15వ మేళం. ఆ గడులన్నిటికీ కృతులు కట్టినవారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకరు.

తాళాల కథా దాదాపు ఇదే. సూళాది తాళాలు 7. వాటిలోని లఘువుకు, అంటే దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే భాగానికి, 3, 4, 5, 7, 9 అక్షరాల చొప్పున ఐదు జాతులు. మొత్తం 35. ఆదితాళం అసలు పేరు చతురశ్రజాతి త్రిపుట: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసర్జితం. ఎనిమిది అక్షరాలు. కచేరీల్లో ఎక్కువగా వినిపించేవి ఆది, రూపకం, చాపులే. తక్కినవాటిలో చాలా భాగం అలంకారాల పాఠంతోనే ఆగిపోతాయి.

పైగా చాపు ఆ 35లో లేనే లేదు. మిశ్రచాపు 3, 4గా విరిగే ఏడు అక్షరాల నడక. తెలుగులో కృతులు రాసిన శ్యామశాస్త్రి (1762–1827) దాన్ని ఎంత మచ్చిక చేసుకున్నాడంటే, ఆ విరుపును 4, 3గా తలకిందులు చేసి విలోమ చాపులోనూ పాటలు కట్టాడు.